కీ పేపరు లేని పరీక్ష



అశోక్ నగర్, చిక్కడపల్లి అనగానే తెలుగు వాళ్లకు గుర్తొచ్చేవి పోటీ పరీక్షలు. గ్రూప్ వన్, గ్రూప్ టూ, ఎస్సై, సివిల్స్. జిరాక్స్ సెంటర్ల ముందు కట్టలు కట్టిన నోట్సు, ఫ్లెక్సీల మీద ర్యాంకుల ఫోటోలు, సాయంత్రమైతే టీ కొట్టు దగ్గర నిన్నటి టెస్టు కీ మీద వాదనలు. ఈ పేటకు ఒక నమ్మకం ఉంది. పరీక్ష అన్నాక సిలబస్ ఉంటుంది, సిలబస్ ఉన్నాక మెటీరియల్ ఉంటుంది, మెటీరియల్ ఎన్నిసార్లు తిరగేస్తే అన్ని మార్కులు వస్తాయి.

ఇవే హాస్టళ్లలో, ఇవే మెస్సుల్లో భోంచేస్తూ ఇంకో రకం పిల్లలు కూడా కొందరు ఉంటున్నారు. బీటెక్ అయిపోయింది, కోడింగ్ మీద మనసు లేదు. లేదా మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ చదివారు, ఇంకా చదవాలని ఉంది. లేదా బీఆర్క్ పూర్తయింది. వీళ్లకు కావాల్సింది డిజైన్‌లో పీజీ. ఐఐటీలోనో, జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలోనో, అమెరికాలోనో, ఇంగ్లండులోనో. అక్కడ మార్కుల జాబితాతో పని పూర్తవదు. 'నువ్వు చేసిన పని చూపించు' అంటారు. ఆ చూపించే పనుల పుస్తకాన్నే పోర్ట్‌ఫోలియో అంటున్నాం. ఈ పిల్లలు నా దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఈ పేట నేర్పిన ప్రశ్నే: "సార్, దీనికి మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది?"

దొరకదు. ఎందుకు దొరకదో, దొరకనప్పుడు ఏం చేయాలో ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు దారులు ఏమిటో చెప్పేస్తాను. మన దేశంలో ఎం.డిజైన్‌కు పెద్ద వాకిలి సీడ్ పరీక్ష. ఐఐటీ బొంబాయి వాళ్లు నడుపుతారు, జనవరిలో ఉంటుంది. మొత్తం మూడు గంటలు. ఒక గంట కంప్యూటర్ మీద, అది పార్ట్ ఏ. రెండు గంటలు కాగితం మీద పెన్సిలుతో, అది పార్ట్ బీ. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు. వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఆ స్కోరుతో బొంబాయి, ఢిల్లీ, గువాహటి, కాన్పూర్ ఐఐటీలతో పాటు మన పక్కనే సంగారెడ్డి జిల్లా కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్‌కూ, బెంగళూరు ఐఐఎస్‌సీకీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. స్కోరు తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపల ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టాల్సింది పోర్ట్‌ఫోలియో. అహ్మదాబాద్ ఎన్ఐడీది వేరే పరీక్ష, డాట్ అంటారు. అందులోనూ రెండో దశలో స్టూడియో టెస్టు, ఇంటర్వ్యూ ఉంటాయి.

విదేశాలకైతే చాలా చోట్ల పోర్ట్‌ఫోలియోనే మొదటి జల్లెడ. అమెరికాలోని కార్నెగీ మెలన్, జార్జియా టెక్, ఇండియానా, మిచిగన్ లాంటి విశ్వవిద్యాలయాల్లో మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య వ్యవహారాన్ని చదివే హెచ్‌సీఐ కోర్సులున్నాయి. మన తెలుగు పిల్లల్లో ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు వీటి వైపు చూస్తున్నారు. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి. పోర్ట్‌ఫోలియో ఎంత ఉండాలో ఒక్కో కాలేజీ ఒక్కో లెక్క చెబుతుంది. ఒకరు 10 నుంచి 20 చిత్రాలంటారు, ఇంకొకరు ఇన్ని పేజీలు దాటొద్దంటారు, మరొకరు వెబ్‌సైటు లింకు చాలంటారు. ఆ లెక్క తప్పితే ఎంత మంచి పనైనా తెరిచి చూడకపోవచ్చు.

దారుల సంగతి ఇంతే. ఇక అసలు విషయం. పోర్ట్‌ఫోలియో తెరిచేవాళ్లు అందులో ఏం చూడాలనుకుంటారు?

దీనికి జవాబు మన దేశ డిజైన్ చరిత్ర మొదటి పేజీల్లోనే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక చిన్న పరిశ్రమల వస్తువుల నాణ్యత ఎలా పెంచాలో చెప్పమని భారత ప్రభుత్వం అమెరికా నుంచి ఒక జంటను పిలిపించింది. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్. కుర్చీలకు ప్రపంచమంతా పేరుపడ్డ డిజైనర్లు. వాళ్లు దేశం తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక మీద నిలబడిందే 1961లో అహ్మదాబాద్‌లో మొదలైన ఎన్ఐడీ. మన తెలుగు నేల మీద కూడా 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీ నడుస్తోంది.

ఆ నివేదికలో వాళ్లు ఈ దేశంలో చూసిన వస్తువులన్నిట్లోకీ గొప్పదిగా ఎంచింది దేన్నో తెలుసా? లోటాను. మన చెంబును. అంతటితో ఆగలేదు. మెచ్చుకుని వదిలేస్తే అది అతిథి మర్యాద అయ్యేది. ఈ చెంబును కొత్తగా డిజైన్ చేయాలంటే ఏమేం ఆలోచించాలని వరసపెట్టి ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. ఎన్ని నీళ్లు పట్టాలి? మోసేది ఆడమనిషా, మగమనిషా, వాళ్ల చేతులు ఎంతటివి, వాటి బలమెంత? నెత్తి మీద పెట్టుకుంటారా, చంకన పెట్టుకుంటారా, చేత్తో పట్టుకుంటారా? నిండుగా ఉన్నప్పుడు ఎటు తూగుతుంది, ఖాళీ అయినప్పుడు ఎటు? పోసేటప్పుడు ధార ఎలా పడాలి? లోపల చెయ్యి పెట్టి తోముకోవడానికి వీలుందా? లోపల పోసింది వేడిగా ఉంటే పట్టుకోవడానికి వీలవుతుందా? దేనికైనా తగిలితే ఎలా మోగుతుంది? ధర ఎంత? పాతబడ్డాక లోహానికి ఎంత వస్తుంది? ఇన్ని ప్రశ్నలకు ఒకేసారి జవాబు చెప్పే వస్తువును ఏ ఒక్క మనిషీ కూర్చుని గీయలేదనీ, తరతరాలుగా ఎందరో కొద్దికొద్దిగా దిద్దుకుంటూ వచ్చారనీ వాళ్లు తేల్చారు.

ఇంటర్వ్యూలో కూర్చునే పెద్దలు ఇప్పటికీ వెతికేది ఆ ప్రశ్నల వరసనే. మీరు గీసిన బొమ్మ ఎంత అందంగా ఉందన్నది మూడో సంగతి, నాలుగో సంగతి. ఏం చూశారు, దాన్ని చూసి ఏం అడిగారు, మొదట ఏం అనుకున్నారు, ఏం చేసి చూశారు, ఏది పని చేయలేదు, దాన్ని ఎందుకు పక్కన పెట్టారు. ఇదంతా కాగితం మీద కనపడాలి. వేరేవాళ్ల నోట్సులో ఇది దొరకదు. దొరికినా అది వాళ్లు చూసిన లోకం.

మన పిల్లలు తెచ్చే పోర్ట్‌ఫోలియోలు చూస్తుంటే ఒక్కోసారి విసుగొస్తుంది, దాచుకోవడం దేనికి. పది మంది తెస్తే ఆరుగురి దగ్గర ఒకే పని. భోజనం తెచ్చిచ్చే యాప్‌కు కొత్త రంగులు, సినిమాలు చూపించే యాప్‌కు కొత్త మీటలు, లేకపోతే ఎక్కడా లేని కాఫీ షాపుకు లోగో. ఆ కాఫీ షాపు కప్పు మీద లోగో, సంచి మీద లోగో, గోడ మీద లోగో. ఆ షాపు యజమానితో ఎప్పుడైనా మాట్లాడావా అంటే, యజమాని లేడు. ఇంటర్నెట్‌లో ఎవరో చేసింది చూసి అలాగే చేస్తారు. వీటిలో చేతి నేర్పు ఉండదని కాదు. చూసిన మనిషి లేడు, అదే లోటు.

చూడటానికి దూరం పోనక్కర్లేదు. బాగ్ లింగంపల్లి హౌసింగ్ బోర్డు క్వార్టర్స్ నుంచి బయల్దేరి చిక్కడపల్లి దాకా నడిచి రండి. ఒక ఏడాదికి సరిపడా పని ఆ దారిలో ఉంది.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీని తీసుకుందాం. అక్కడికి పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల కంటే, సొంత పుస్తకాలు తెచ్చుకుని పొద్దస్తమానం కూర్చుని చదివేవాళ్లే ఎక్కువ. గ్రంథాలయం కట్టినప్పుడు అనుకున్న పని ఒకటి, ఇప్పుడు జరిగే పని ఇంకొకటి. డిజైన్ చదవాలనుకునే పిల్లకు ఇంతకంటే ఏం కావాలి? ఒక మూల కూర్చుని చూడమనండి. పొద్దున ఎవరు ముందు వస్తారు, ఏ చోటు కోసం వస్తారు? ఫ్యాను కిందకా, కిటికీ పక్కకా, ఫోను ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు దగ్గరకా? టీకి లేచి వెళ్తే చోటు పోకుండా ఏం పెట్టి వెళ్తారు? టిఫిన్ బాక్సు ఎక్కడ పెడతారు? నడుము నొప్పికి ఎవరెవరు ఏం చేసుకుంటున్నారు? ఆడపిల్లలు ఎన్ని గంటలకు లేచి వెళ్లిపోతున్నారు, ఎందుకు? వీధి దీపాల వల్లా, బస్సు టైము వల్లా, హాస్టల్ గేటు వల్లా?

ఇదంతా నోటుబుక్కులో బొమ్మలతో, చిన్న మాటలతో రాసుకుంటూ పోతే రెండు వారాల్లో ఒక సమస్య తనంతట తానే పైకి తేలుతుంది. ఉదాహరణకు, ఒకే బల్ల మీద పుస్తకం, నోట్సు, ఫోను, నీళ్ల సీసా నాలుగూ ఇమడటం లేదనుకోండి. అప్పుడు అట్టముక్కలు తెచ్చి ఒడిలో పెట్టుకునే పలక లాంటిది చేయండి. తీసుకెళ్లి చదువుకునే అబ్బాయికిచ్చి ఒక పూట వాడమనండి. అతను దాన్ని మీరనుకున్నట్టు వాడడు. తలకిందులు చేసి వాడతాడు, లేదా మడిచి కుర్చీ వెనక ఆనుకుంటాడు. అక్కడే మీ ప్రాజెక్టు మొదలైంది. ఆ తలకిందులు చేసిన ఫోటో పోర్ట్‌ఫోలియోలో పెద్దగా ఉండాలి. మీ రెండో అట్టముక్క, మూడో అట్టముక్క దాని పక్కన ఉండాలి. చివరికి తయారైన నున్నటి చెక్క పలక చిన్న ఫోటో అయినా ఫర్వాలేదు. నేనైతే ఇరవై పేజీల్లో ఎనిమిది పేజీలు ఈ ఒక్క పనికే ఇమ్మంటాను.

రెండో పని అక్షరాలది. ఇది నాకు ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువసేపు మాట్లాడితే ఓపిక పట్టండి. ఒక బోర్డు మీద నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి రాయాలనుకోండి: బాగ్ లింగంపల్లి, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్. ఇంగ్లీషులో అయితే నాలుగు వరసలూ సమానంగా కూర్చుంటాయి. తెలుగులో కూర్చోవు. చిక్కడపల్లిలో క కింద క వత్తు, ల కింద ల వత్తు వేలాడతాయి. బాగ్ లింగంపల్లిలోనూ చివర ల వత్తు. నారాయణగూడకు కింద ఏమీ లేదు, నేల మీద నిలబడ్డ మనిషిలా ఉంటుంది. అశోక్ నగర్‌లో రెండు పొల్లులు పైకి పొడుచుకొస్తాయి. పై వరస వత్తు కింది వరస గుడికో పొల్లుకో తగులుతుంది. తగలకుండా ఉండాలని అక్షరం మొత్తం చిన్నది చేస్తే బస్సులోంచి చూసేవాడికి కనపడదు. వత్తును మాత్రమే చిన్నది చేస్తే కళ్లద్దాలున్న పెద్దాయనకు అది క వత్తో త వత్తో తెలియదు. మన బస్సుల నుదుటి బోర్డులు, వీధి మొదట్లో పేర్ల పలకలు, షాపుల ఫ్లెక్సీలు అన్నింటిలోనూ ఈ తగాదా కనిపిస్తుంది. ఒక్కొక్కరు ఒక్కోలా సర్దుకున్నారు. చేత్తో బోర్డులు రాసే పెయింటర్లు దీన్ని చాలా తెలివిగా పరిష్కరించేవాళ్లు. వత్తును పక్కకు జరిపి, పక్క అక్షరం పొట్ట కింద ఖాళీ ఉంటే అందులోకి తోసేవాళ్లు. కంప్యూటర్ అచ్చుకు ఆ వెసులుబాటు పోయింది.

ఈ నాలుగు పేర్ల బోర్డును పదిహేను రకాలుగా రాసి, ఇరవై అడుగుల దూరం నుంచి, నలభై అడుగుల దూరం నుంచి మీ వీధిలోని పెద్దలతో చదివించి, ఎవరు ఎక్కడ తడబడ్డారో పట్టిక వేశారనుకోండి. అది ఏ దేశపు డిజైన్ కాలేజీలోనైనా నిలబడే పని. తెలుగు రాని ప్రొఫెసరుకు కూడా అర్థమవుతుంది, ఎందుకంటే సమస్య కళ్లకు కనపడుతుంది. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి వత్తులు ఎవరు ఎలా సర్దారో చూడటంతో మొదలుపెట్టొచ్చు. బాపు గారు పుస్తకాల అట్టల మీద రాసిన అక్షరాలూ ముందు పెట్టుకోండి. ఆయన రాతలో తలకట్టు ఎక్కడ ఎగిరిందో, వత్తు ఎక్కడ ఒదిగిందో చూస్తే సగం పాఠం అయిపోయినట్టే. అనుకరించొద్దు. బాపు రాతను అనుకరించినవాళ్లు తెలుగునాట ఇప్పటికే సరిపడా ఉన్నారు.

మూడోది నీళ్ల సంగతి. హుస్సేన్ సాగర్ నుంచి మిగులు నీళ్లు మోసుకుపోయే నాలా మన అశోక్ నగర్ పక్క నుంచే మూసీకి పోతుంది. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ వరదలో బాగ్ లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి, అక్కడ భద్రపరచిన అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు నానిపోయాయి. నాలా పక్క బస్తీల్లో ఇప్పటికీ గట్టి వాన పడితే ఏ సామాను ముందు ఎత్తులో పెట్టాలో ఆడవాళ్లకు కంఠతా వచ్చు. ఆ వరస ఎవరైనా రాశారా? బియ్యం ముందా, సర్టిఫికెట్లు ముందా, గ్యాస్ సిలిండరు సంగతేమిటి? ఒక పది ఇళ్లకు వెళ్లి అడిగి, బొమ్మల్లో పెట్టి, అటకకు ఒక చిన్న మార్పు సూచించగలిగితే దానికి మించిన ప్రాజెక్టు ఏ యాప్‌లోనూ దొరకదు. ఒక్క మాట. జనం కష్టాన్ని ఫోటోలు తీసుకొచ్చి మన దరఖాస్తుకు అలంకారం చేసుకోకూడదు. అడిగి తీయండి. చేసింది తీసుకెళ్లి వాళ్లకు చూపించండి.

'మన పేటలో ఏముంది సార్, అంతా మామూలే' అనే పిల్లలకు చిత్రకారులు కె. లక్ష్మా గౌడ్ గారి సంగతి చెబుతుంటాను. మెదక్ ప్రాంతం నిజాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకుని, 1960ల్లో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. అక్కడ ప్రపంచ కళంతా చూసి వచ్చాక ఆయన గీసింది మళ్లీ తన ఊరి మనుషులనే, మేకలనే, చెట్లనే. తోట వైకుంఠం గారూ అంతే, బరోడా చదువు తర్వాత ఆయన బొమ్మల్లో నిలిచింది తెలంగాణ పల్లె ఆడవాళ్లు. ఇంకా వెనక్కి వెళ్తే, నైజాం కాలంలోనే బొంబాయి జేజే స్కూలుకు వెళ్లి 1939లో డిప్లొమా తీసుకున్న పి.టి. రెడ్డి గారున్నారు. ఆయన ఇల్లు సుధర్మ మన నారాయణగూడలోనే. తెలంగాణ పలుకుబడిలో కథలు రాసిన పాకాల యశోదా రెడ్డి గారు ఆయన సతీమణి. ఈ ముగ్గురూ చిత్రకారులు, డిజైనర్లు కారు, నిజమే. డిజైనుకు ఎదురుగా వాడే మనిషి ఉంటాడు, చిత్రానికి ఉండాల్సిన పని లేదు. కానీ పై చదువుకు ఊరు దాటి పోవడం మనకు కొత్త కాదని, పోయినవాళ్లు వెంట ఏం పట్టుకుపోయారో, తిరిగొచ్చి ఏం గీశారో చూడమని చెబుతున్నాను.

బీటెక్ పిల్లలకు ఒక భయం ఉంటుంది: 'మాకు బొమ్మలు రావు.' సీడ్ పార్ట్ బీలో పెన్సిలు పట్టాల్సిందే, తప్పదు. కానీ అక్కడ అడిగేది రవివర్మ బొమ్మ కాదు. కుక్కర్ మూత తీస్తున్న చేతిని, బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న మనిషిని చూసేవాడికి అర్థమయ్యేలా గీయగలగాలి. రోజూ అరగంట గీస్తే ఆరు నెలల్లో వస్తుంది. ఇందిరా పార్కు బెంచీ మీద కూర్చుని నడిచేవాళ్లను గీయండి, ఎవరూ ఏమీ అనరు. ఇంజనీరింగ్ వాళ్లకు ఒక లాభం కూడా ఉంది. ఫైనలియర్‌లో చేసిన మెషీనో, సర్క్యూటో ఉంటుంది. దాన్ని డిజైన్ కళ్లతో మళ్లీ తెరవండి. దాన్ని ఎవరు వాడాలి, వాళ్ల చేతికి అందుతుందా, మీట ఎటు తిప్పాలో తెలుస్తుందా? నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టైతే అందులో మీ వంతు ఏదో స్పష్టంగా రాయండి. మిగతా ముగ్గురి పేర్లూ రాయండి. ఎదుట కూర్చున్నవాళ్లకు ఇది చాలా ముఖ్యం. 'ఈ భాగం నేను చేయలేదు' అని చెప్పగలిగిన పిల్లవాణ్ణి వాళ్లు ఎక్కువ నమ్ముతారు.

ఇక కూర్చడం. నాలుగైదు పనులు చాలు. అన్నిట్లో గట్టిది ముందు, దాని తర్వాత గట్టిది చివర, మిగతావి మధ్యలో. ప్రతి పని మొదటి పేజీలో రెండు మూడు వాక్యాల్లో సమస్య ఏమిటో చెప్పాలి, ఎవరి కోసమో చెప్పాలి. చూసేవాళ్ల దగ్గర వందల ఫైళ్లు ఉంటాయి. ఒక్కోదానికి దొరికేవి నిమిషాలే. పేజీ నిండా వ్యాసం రాస్తే ఎవరూ చదవరు. నోటుబుక్కు పేజీలను ఎండ వెలుతురులో, నీడ పడకుండా ఫోటో తీయండి. ఒరిజినల్ నోటుబుక్కు పారేయొద్దు, ఇంటర్వ్యూకు వెంట తీసుకెళ్లండి. పెద్దలు తరచుగా మెరిసే ప్రింటును పక్కకు పెట్టి ఆ చిరిగిన నోటుబుక్కే అడుగుతారు.

తెలుగు అక్షరాలు పెట్టేవాళ్లకు ఒక సాంకేతిక హెచ్చరిక. మన డీటీపీ సెంటర్లలో ఎక్కువగా అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ వాడతారు. అవి యూనికోడ్ కావు. మీ ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలైపోతాయి. ఇలస్ట్రేటర్‌లో, పాత ఫోటోషాప్‌లలో యూనికోడ్ తెలుగు పెట్టినా వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ మార్చకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. తెలుగు రాని కమిటీకి ఆ సంగతి తెలియకపోవచ్చు. కానీ దరఖాస్తులు చూసేవాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. తన భాషలో తన పేరే విరిగిపోయినా గమనించని డిజైనరును ఎవరు తీసుకుంటారు? అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ చేయండి, వేరే ఫోనులో ఒకసారి తెరిచి చూసుకోండి. ప్రింటు తీయించేటప్పుడు ముందు ఒక్క పేజీ తీయించండి. తెర మీద మెరిసిన నీలం కాగితం మీద మసకబారుతుంది. మొత్తం తీయించాక గుండెలు బాదుకోవడం కంటే అది మేలు.

కొనుక్కునే పోర్ట్‌ఫోలియోల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. ఈ చదువు ఎందుకో చెప్పే ఎస్ఓపీ వ్యాసం రాసిపెట్టే కన్సల్టెన్సీలు మన నగరంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇప్పుడు పోర్ట్‌ఫోలియో కూడా చేసిపెడతామనేవాళ్లు బయల్దేరారు. డబ్బు కడితే చాలు, ఇతరుల పనులకు మీ పేరు తగిలించి ఇస్తారు. దీనికి తోడు ఇప్పుడు ఏఐ. ఒక వాక్యం టైపు చేస్తే అద్భుతమైన కుర్చీ బొమ్మ వచ్చేస్తుంది. వీటితో పట్టుబడిపోతారని బెదిరించడం నా ఉద్దేశం కాదు. కొందరు పట్టుబడకపోవచ్చు కూడా. కానీ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న వేస్తారు: 'ఈ కుర్చీ కాలు ఇలా ఎందుకు వంగింది?' చేసినవాడి దగ్గర దానికి మూడు నిమిషాల కథ ఉంటుంది. కొన్నవాడి దగ్గర చెమట ఉంటుంది. ఒకవేళ గట్టెక్కి సీటు తెచ్చుకున్నా, మొదటి వారం స్టూడియోలో అట్టముక్క, కత్తెర చేతికిచ్చి సాయంత్రానికి ఏదైనా చేయమన్నప్పుడు పరిస్థితి ఏమిటి? ఏఐని వాడొచ్చా అంటే, ఆ కాలేజీ నిబంధన చదవండి. వాడితే ఎక్కడ వాడారో పేజీ మీద రాయండి.

అమ్మానాన్నలు ఎవరైనా వింటుంటే రెండు మాటలు. పోర్ట్‌ఫోలియో చేస్తున్న పిల్లలు బయటికి పని లేనట్టు కనిపిస్తారు. బస్టాపులో కూర్చుంటారు, పక్కింటి వంటగదిలోకి తొంగిచూస్తారు, అట్టముక్కలతో గది నింపేస్తారు. 'పక్కింటి వాళ్లబ్బాయి పదహారు గంటలు చదువుతున్నాడు, వీడు బొమ్మలేస్తున్నాడు' అనిపిస్తుంది. ఆ చూడటమే వాళ్ల చదువు. దీనికి ఏడాది పడుతుంది, మూడు నెలల్లో కాదు. ఖర్చు విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండండి. లక్షల ల్యాప్‌టాప్, ఖరీదైన కోచింగ్ ఈ దశలో అవసరం లేదు. ఒక మంచి పెన్సిలు, నోటుబుక్కు, కెమెరా ఉన్న ఫోను, ఎప్పుడైనా ఒక కంప్యూటర్. విదేశీ కాలేజీలైతే అప్పు చేసే ముందు ఆ కోర్సు ఎన్నాళ్లు, ఫీజెంత, స్కాలర్‌షిప్ ఏమైనా ఇస్తారా అని పిల్లలతోనే ఉత్తరం రాయించి అడిగించండి. జవాబిస్తారు.

వచ్చే జనవరి సీడ్ రాయాలనుకునేవాళ్లకు దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో మొదలవుతాయి. తేదీలు, ఫీజు, నిబంధనలు ఏటా మారొచ్చు, కాబట్టి ఐఐటీ బొంబాయి వాళ్ల సీడ్ వెబ్‌సైటులోనే చూసుకోండి. ఎన్ఐడీవి వాళ్ల అడ్మిషన్ల వెబ్‌సైటులో ఉంటాయి. రెండింటి పాత ప్రశ్నపత్రాలూ ఉచితంగానే దొరుకుతాయి, డబ్బిచ్చి కొనకండి. ఈ ఆదివారం పొద్దున్నే ఒక నోటుబుక్కు తీసుకుని మీ వీధిలో గంటసేపు నిలబడండి. ఏం చూశారో రాసుకోండి, గీసుకోండి.